వెనుక చక్రం దగ్గర టక్ టక్ శబ్దం: కారణం ఎలా పట్టుకోవాలి?

హనుమకొండ నుంచి హైదరాబాద్ దాదాపు 145 కిలోమీటర్లు. కుటుంబంతో హైవే ఎక్కేముందే ఈ శబ్దం సంగతి తేల్చుకోవాలి. అది ఎప్పుడు వస్తోందన్నదే అసలు ఆనవాలు.

ముందు డిక్కీ చూడండి. స్టెప్నీ, జాకీ వదులుగా ఉన్నా ఇలాగే కొట్టుకుంటాయి.

బండి వేగంతోపాటు టక్ టక్ పెరిగితే: టైరులో ఇరుక్కున్న రాయి, మేకు, టైరు ఉబ్బు, లేదా వదులైన వీల్ నట్లు. పంక్చర్ వేయించాక మొదలైతే ముందు నట్లనే అనుమానించాలి. వెంటనే పక్కకు ఆపి, పానాతో ఒకదాని తర్వాత దాని ఎదురు నట్టు బిగించండి. అలాగే నడిపితే చక్రం ఊడిపోవచ్చు.

స్పీడ్ బ్రేకర్లు, గుంతల్లోనే వస్తే: షాక్ అబ్జార్బర్ లేదా రబ్బరు బుష్‌లు.

బ్రేక్ వేస్తేనే వస్తే: బ్రేక్ డ్రమ్ లోపలి షూలు, స్ప్రింగులు. ఆలస్యం చేయొద్దు.

గుయ్‌మనే మోత కూడా ఉంటే: బేరింగ్. చదును నేల మీద బండిని గేర్‌లో ఉంచి, ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనుక చక్రాన్ని జాకీతో లేపండి. పైన, కింద పట్టి ఊపండి. నట్లు బిగువుగానే ఉన్నా చక్రం ఆడితే బేరింగ్ పోయినట్టే. జాకీ మీదున్న బండి కిందకు మాత్రం దూరొద్దు.

మెకానిక్‌కు "శబ్దం వస్తోంది" అంటే చాలదు. ఎప్పుడు వస్తోందో చెప్తే అనవసరపు ఖర్చు తప్పుతుంది.