పాత పగులు – కొత్త కంపము

1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున శాన్‌ఫ్రాన్సిస్కో నగరము కంపించి కూలినది. శాన్ ఆండ్రియాస్ భ్రంశము, అనగా కాలిఫోర్నియా నేలను చీల్చుకొనిపోవు పురాతనమైన పగులు, వెంబడి కంచెలు, బాటలు తెగి, కొన్నిచోట్ల 6 మీటర్ల వరకు పక్కకు జరిగినవి. దీనిని పరిశీలించిన హారీ రీడ్ 1910లో ఒక వివరణ నిచ్చెను. పగులుకు ఇరువైపుల నేల ఏండ్ల తరబడి విల్లువలె వంగును. ఇక ఓర్చుకొనలేనప్పుడు శిల తెగి, ఒక్కసారిగా వెనుకకు దూకును.

వివరణ బాగుగనే ఉన్నది గాని, లెక్క కుదరలేదు. లోతున బిగిసియున్న గ్రానైటు తెగుటకు వేల వాతావరణముల ఒత్తిడి కావలెను. భూకంపములో సడలునది సాధారణముగా పదుల వాతావరణములు మాత్రమే. తక్కిన ఒత్తిడి ఏమైనట్లు?

1960ల నడుమ అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో, విలియం బ్రేస్ వద్ద, జేమ్స్ బైర్లీ అను పరిశోధక విద్యార్థి ఉండెను. డాక్టరేటు కొరకు అతడు చేపట్టిన విషయము పైకి చప్పగా తోచును: వెస్టర్లీ గ్రానైటు యొక్క ఘర్షణ. రాతి కడ్డీని చుట్టునుండి గొప్ప ఒత్తిడితో బిగించి, కొసనుండి నొక్కిరి. రాయి విరిగినది. నొక్కుట మాత్రము మానలేదు. విరిగిన ముక్కలు మెల్లగా జారలేదు. పట్టుకొని ఆగి, ఒక్క కుదుపుతో జారి, మరల ఆగినవి. బరువైన భోషాణమును గచ్చునేలపై లాగినవారికి ఈ తంతు తెలియనిది కాదు. ఒక్కొక్క కుదుపులో సడలినది రాతిపైనున్న ఒత్తిడిలో కొంత భాగమే. మిగిలినది రాతిలోనే ఉండిపోయినది!

ఇట్టి కుదుపులను అంతకుముందు ఇతరులును చూచియుండిరి. వానిని భూకంపముల లెక్కతో ముడివేసి గురుశిష్యులు 1966లో సైన్స్ పత్రికలో ప్రకటించిరి. భూకంపమునకు ప్రతిసారి కొత్తగా రాయి తెగనక్కరలేదు, పాత పగులు జారిన చాలును.

బైర్లీ 1978లో అనేక శిలల ఫలితములను ఒకచోట చేర్చెను. సుమారు 2000 వాతావరణముల వరకు, ముఖములను బిగించు బలములో నూటికి 85 వంతుల బలముతో తోసినచో జారును. గ్రానైటైనను సున్నపురాయైనను దాదాపు ఒకటే. కొన్ని బంకమన్నులు మాత్రము ఇంకను సులువుగా జారును.

అయితే పగులులో నీరు చేరినచో? నీటి ఒత్తిడి ముఖముల బిగువును తగ్గించును. తక్కువ బలమే చాలును. 1967 డిసెంబరు 11న మహారాష్ట్రలో కొయినా జలాశయము వద్ద వచ్చిన భూకంపములో దాదాపు 200 మంది మరణించిరి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అక్కడి ప్రకంపనములను దశాబ్దములుగా నమోదు చేయుచున్నది. శిలల స్థితిని దగ్గరనుండి చూచుటకై 2017లో అక్కడ 3 కిలోమీటర్ల లోతు వరకు రంధ్రము తొలిచిరి.