ఇన్‌బాక్స్ చీలిన కథ

ఈమెయిల్ పుట్టినప్పుడు ఇన్‌బాక్స్ అంటే ఒక ఫైలు, అంతకుమించి ఏమీ లేదు. 1971లో అమెరికాలోని కేంబ్రిడ్జిలో బి.బి.ఎన్. కంపెనీ ఇంజనీరు రే టామ్లిన్సన్, ఒకే గదిలో ఉన్న రెండు పి.డి.పి.-10 కంప్యూటర్ల మధ్య నెట్‌వర్కు మీదుగా తొలి ఉత్తరం నడిపించాడు. జరిగిందల్లా ఇంతే: అవతలి కంప్యూటర్లో ఒక మనిషి పేరున ఉన్న ఫైలు చివర కాస్త రాత చేరింది. కింద అతికించడానికి అందరికీ అనుమతి ఉంది. చదివే హక్కు, చెరిపే హక్కు సొంతదారుకే. పేరుకి పెట్టె గాని దానికి అరలు లేవు.

చదవడం కూడా అలాగే ఉండేది. ప్రోగ్రామును పిలిస్తే ఫైలులో ఉన్నదంతా మొదటి నుంచి చివరిదాకా కుమ్మరించేది. ఈ పద్ధతితో మొదట విసిగినవాడు విద్యార్థీ కాదు, ఇంజనీరూ కాదు. ఆ నెట్‌వర్కుకి డబ్బు పెడుతున్న ఆర్పా సంస్థ డైరెక్టరు స్టీఫెన్ లుకాసిక్. ఉత్తరాల కుప్పను ఎలా సర్దుకోవాలో తెలియడం లేదని ఆయన గోలపెడితే, ఆయన కింద పనిచేసే లారీ రాబర్ట్స్ 1972 జూలైలో ఆర్.డి. అనే చిన్న ప్రోగ్రామ్ రాసి ఇచ్చాడు. ఉత్తరాల జాబితా చూపడం, కావలసినదే తెరవడం, చదివినదాన్ని వేరే ఫైలులో దాచడం, అక్కర్లేనిదాన్ని కొట్టెయ్యడం దాని పనులు. ఈనాటి మెయిల్ ప్రోగ్రాములన్నిటికీ మూలపురుషుడు అదే. ఒక పెద్ద అధికారి చిరాకు ఇంత మంచికి దారితీయడం ప్రభుత్వ కార్యాలయాల చరిత్రలో అరుదు.

రాబర్ట్స్ ఏర్పాటులో ఒక సంగతి గమనించాలి. ఉత్తరం ముందు వస్తుంది, మనిషి చదువుతాడు, ఆ తర్వాతే ఎక్కడ దాచాలో తేలుస్తాడు. తర్వాతి పదిహేనేళ్ళూ దాదాపు ఇదే వరస. 1979లో రాండ్ కార్పొరేషన్‌లో బ్రూస్ బోర్డెన్ రాసిన ఎం.హెచ్. అనే మెయిల్ ప్రోగ్రామ్ ఈ వరసను చక్కగా తీర్చింది. ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు, ఒక్కో ఫోల్డరు ఒక్కో డైరెక్టరీ. వచ్చిన టపాను లోపలికి తెచ్చుకోవడానికి ఒక కమాండు, చదివాక మరో ఫోల్డరుకి పంపడానికి ఇంకొకటి. అయినా పంపేది మనిషే, అదీ చదివిన తర్వాతే.

ఈ వరసను తిరగేయాల్సిన అవసరం వచ్చింది టపా బరువెక్కడం వల్ల. అక్కర్లేని సందేశాలను వద్దనే ఉపాయం లేదన్న ఫిర్యాదు 1975 నవంబరులోనే, జాన్ పోస్టెల్ రాసిన ఆర్.ఎఫ్.సి. 706 పత్రంలో కనిపిస్తుంది. 1978 మేలో డి.ఇ.సి. కంపెనీ అమ్మకాల మనిషి ఒకాయన దాదాపు 400 మందికి ఒకే ప్రకటన పంపి అందరి చేతా తిట్లు తిన్నాడు. 1982 మార్చిలో, ఎ.సి.ఎం. అనే కంప్యూటర్ నిపుణుల సంఘానికి అప్పటి అధ్యక్షుడు పీటర్ డెన్నింగ్ ఆ సంఘం పత్రికలో రాస్తూ, ఉత్తరాలు పుట్టించడం సులువైంది సరే, అందుకోవడం సంగతి ఎవరు ఆలోచిస్తున్నారని అడిగాడు. ఒకే మనిషికి ఒకటికి మించిన పెట్టెలు ఉండాలని, లోపలి విషయాన్ని బట్టి జల్లెడ పట్టాలని సూచించాడు. ఆ దశకం మధ్యలోనే ఎం.ఐ.టి.లో థామస్ మలోన్ బృందం ‘ఇన్ఫర్మేషన్ లెన్స్’ కట్టింది. అందులో ‘ఫలానా వారి నుంచి వస్తే ఫలానా ఫోల్డరుకి’ అని ఫారం నింపినట్టు నియమాలు రాసుకోవచ్చు. అది నడిచింది ఖరీదైన జిరాక్స్ కంపెనీ కంప్యూటర్ల మీద. మామూలు విశ్వవిద్యాలయ విద్యార్థి ముందు ఉన్నది మాత్రం యూనిక్స్ టెర్మినల్, నల్లటి తెర.

ఆ తెర ముందు కూర్చున్నవాళ్ళకి అసలు బాధ చెత్త మెయిల్ కాదు. వాళ్ళు కోరి చేరిన చర్చా బృందాల టపాయే. రోజూ డజన్ల కొద్దీ వచ్చే ఆ కబుర్ల మధ్య ప్రొఫెసరు రాసిన ఒక్క ముక్క మరుగున పడిపోయేది. చదివాక సర్దుకుంటే ఇక్కడ లాభం లేదు, చదవకముందే వేరు కావాలి. రాత్రి రైల్లో ఆర్.ఎం.ఎస్. (రైల్వే టపా) గుమాస్తాలు కదిలే బండిలోనే ఉత్తరాలను గళ్ళ అల్మరాలో వేసుకుంటూ పోయేవారు కదా, ఊరు చేరేసరికి సంచులు వేరువేరుగా సిద్ధంగా ఉండేవి. సరిగ్గా ఆ పని కావలసి వచ్చింది.

ఆ పని చేసే ప్రోగ్రాముల్లో అందరికంటే పేరు తెచ్చుకున్నది ప్రాక్‌మెయిల్. 1990లో జర్మనీలోని ఆహెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ వాన్ డెన్ బెర్గ్ రాశాడు. సెండ్‌మెయిల్ అనే బట్వాడా ప్రోగ్రామ్ ఉత్తరాన్ని పెట్టెలో వేయబోయే ముందు, సొంతదారు డైరెక్టరీలో ‘ఫార్వర్డ్’ అనే చిన్న ఫైలు ఉందేమో చూసేది. ఆ ఫైలులో ఒక నిలువు గీత, దాని పక్కన ప్రాక్‌మెయిల్ పేరు ఉంటే ఉత్తరం పెట్టెలోకి పోకుండా ప్రాక్‌మెయిల్ చేతికి వచ్చేది. అక్కడ నియమాలు వరసగా ఉంటాయి. వాటిని ‘రెసిపీ’లనేవారు. ఒక్కోటి సాధారణంగా మూడు వరసలు. మొదటి దాంట్లో :0: అన్న గుర్తు, రెండో దాంట్లో నక్షత్రం గుర్తు, దాని వెనక షరతు, మూడో దాంట్లో చేరాల్సిన ఫోల్డరు పేరు. ఏ షరతు మొదట కుదిరితే ఉత్తరం అక్కడికి పోతుంది, మిగతావి చూడదు. కాబట్టి రాసిన వరస ముఖ్యం.

ఆ సున్నాకి అటూ ఇటూ ఉన్న చుక్కల్లో రెండో జంట లేకపోయినా రెసిపీ పనిచేస్తున్నట్టే ఉంటుంది, కొన్నాళ్ళు. ఫోల్డరంటే ఇంకా ఒకే ఫైలే కదా. ఒకేసారి రెండు ఉత్తరాలు వస్తే రెండు ప్రాక్‌మెయిళ్ళు దాని చివర రాయబోతాయి, ఒకదాని మధ్యలో ఇంకొకటి దూరుతుంది. రెండో జంట చుక్కలంటే ‘తాళం వేసి రాయి’ అని. ఒకదాని పని ముగిసేదాకా రెండోది ఆగుతుంది. ఈ తాళాల బెడద పడలేక, 1990ల నడుమ డేనియల్ బెర్న్‌స్టెయిన్ తన బట్వాడా ప్రోగ్రామ్ క్యూమెయిల్ కోసం మెయిల్‌డిర్ పద్ధతి తెచ్చాడు. ఉత్తరానికో ఫైలు, ప్రతి పెట్టెలో మూడు ఉపడైరెక్టరీలు, తాళం ఊసే లేదు.

పాత ఒకే ఫైలు పద్ధతికి ఇంకో తెగులు ఉండేది. ప్రతి ఉత్తరం ‘ఫ్రమ్’ అన్న ఇంగ్లీషు మాటతో మొదలయ్యే వరసతో ఆరంభమవుతుంది, ఎక్కడ కొత్త ఉత్తరం మొదలైందో పోల్చుకోవడానికి అదే ఆనవాలు. మరి ఎవరైనా తన రాతలోనే ఒక వరసను ఆ మాటతో మొదలుపెడితే? ప్రోగ్రామ్ పొరబడకుండా దాని ముందు > గుర్తు తగిలించేవారు. లాటెక్ అనే అచ్చుకూర్పు పద్ధతిలో టైపు చేసిన పరిశోధన వ్యాసాలు మెయిల్లో పోయినప్పుడు ఆ గుర్తు కూడా వెంట వెళ్ళి, అచ్చులో తలకిందులైన ప్రశ్నార్థకంగా తేలేది. స్పానిష్ ప్రశ్నలా మొదలయ్యే వాక్యాలు ఇంగ్లీషు గణిత వ్యాసాల్లో కనపడితే కారణం ఇదే.

ప్రాక్‌మెయిల్‌కి దయ తక్కువ. ఫోల్డరు పేరులో అక్షరం తప్పితే అడగదు, ఆ తప్పు పేరుతోనే కొత్త ఫైలు పుట్టిస్తుంది. అందుకే దాని సొంత ఉదాహరణల పుటలోనే కొత్తవాళ్ళకి ఒక జాగ్రత్త చెప్పారు: ముందుగా ప్రతి ఉత్తరానికీ ఒక నకలు పక్కన పెట్టుకోండి, చివరి 32 ఉంచుకుని పాతవి తీసెయ్యండి, ఆ తర్వాత ప్రయోగాలు చేసుకోండి అని. మంచి సలహా. చాలామంది దాన్ని ఉత్తరాలు పోయాకే చదివారనుకుంటాను.

ఫిల్టర్ల చరిత్ర చెప్పేవాళ్ళు మామూలుగా ఇక్కడ ఆగుతారు. నాకు మాత్రం ఇది సగం కథే. ఉత్తరాలు ఇన్‌బాక్స్‌కి రాకముందే వేరైపోతే, చదివే ప్రోగ్రాముకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? అది చూసేది ఒక్క ఇన్‌బాక్స్‌నే. కొత్త ఉత్తరాలు పది ఫోల్డర్లలో చేరుతుంటే, ఇన్‌బాక్స్ ఖాళీగా కనపడి మనిషిని మోసం చేస్తుంది. ఫోల్డరంటే అప్పటిదాకా చదివేసినవి దాచే చోటు. ఇప్పుడు చదవనివి కూడా అక్కడే పడుతున్నాయి. అంటే ఫోల్డర్లలో రెండు జాతులు ఏర్పడ్డాయి, ఆ తేడాను ప్రోగ్రాముకి నేర్పాలి.

సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన మెయిల్ ప్రోగ్రామ్ పైన్ ఆ తేడాకి పేరు పెట్టింది: ఇన్‌కమింగ్ ఫోల్డర్లు. 1989లో పైన్ పని మొదలైంది ఆ విశ్వవిద్యాలయంలోని ఆఫీసు సిబ్బంది కోసం. తెర అడుగున ఏ మీట నొక్కితే ఏమవుతుందో రాసి ఉండేది, బెదరకుండా వాడుకునేవారు. అందుకే కాబోలు, ఇన్‌కమింగ్ ఫోల్డర్ల ఏర్పాటును సెట్టింగుల్లో లోపలెక్కడో పెట్టారు. కోరినవాళ్ళు వెతికి టిక్కు పెట్టుకోవాలి. పెట్టుకున్నాక ఫోల్డర్ల తెర మీద ఇన్‌బాక్స్‌తో పాటు ఆ కొత్త వరస కూడా కనిపిస్తుంది. అసలు సొగసు ట్యాబ్ మీటలో ఉంది. ఒక ఫోల్డర్లో కొత్తవి అయిపోగానే అది నొక్కితే, కొత్త ఉత్తరాలున్న తర్వాతి ఇన్‌కమింగ్ ఫోల్డర్ పేరు చెప్పి ‘తెరవమంటారా’ అని పైన్ అడుగుతుంది. ఒకే మీటతో టపా అంతా చుట్టిరావచ్చు. తర్వాత్తర్వాత పైన్ తనకే సొంత ఫిల్టర్లు కూడా తెచ్చుకుంది. అయితే అవి పనిచేసేది పైన్ తెరిచి ఉన్నప్పుడే. సర్వరు మీద అధికారం లేనివాళ్ళకి అదే దిక్కు. ఆ అధికారం ఉన్నవాళ్ళు ప్రాక్‌మెయిల్‌ని వదిలి పైన్ ఫిల్టర్లకి మారడానికి నాకు కారణం కనపడదు.

1995లో మైకేల్ ఎల్కిన్స్ మొదలుపెట్టిన మట్ అనే మెయిల్ ప్రోగ్రామ్ ఇంకో దారి పట్టింది. ఫిల్టర్ల జోలికే పోలేదు, అది బట్వాడా ప్రోగ్రాముల పని అంది. కొత్తవి ఎక్కడ చూడాలో చెప్పడానికి మాత్రం సెట్టింగుల ఫైలులో ‘మెయిల్‌బాక్సెస్’ అనే ఒక్క వరస ఇచ్చింది. ఒకే ఫైలుగా ఉన్న ఫోల్డర్లో కొత్త ఉత్తరం ఉందో లేదో మట్ ఎలా కనిపెట్టేది? ఫైలు తెరవకుండానే దాని మీద ఉన్న రెండు సమయాలు పోల్చేది. చివరిసారి చదివిన వేళకంటే చివరిసారి రాసిన వేళ తర్వాతిదైతే ఎవరో ఏదో పడేశారన్నమాట. తెలివైన చిట్కా, కాని తేలిగ్గా చెడేది. లినక్స్‌ను వేగంగా నడపాలనుకున్నవాళ్ళు చదివిన వేళ రాయడం ఆపేస్తే, మట్‌కి కొత్త పాత తేడా పోయింది. చివరికి లినక్స్ కెర్నెల్‌లో ‘రెల్‌ఎటైమ్’ అనే మధ్యేమార్గం వచ్చింది. మౌంట్ కమాండు మాన్యువల్లో దాని వివరణ చూస్తే, మట్ లాంటి ప్రోగ్రాములను ఇది చెడగొట్టదని పేరు పెట్టి రాసి ఉంటుంది. ఒక మెయిల్ ప్రోగ్రామ్ కోసం ఆపరేటింగ్ సిస్టమ్ ఇంత మర్యాద పాటించడం నేను ఇంకెక్కడా చూడలేదు.

మన దేశంలో ప్రభుత్వ కంపెనీ వి.ఎస్.ఎన్.ఎల్. 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్ తెరిచినప్పుడు తక్కువ ధరకి దొరికింది షెల్ అకౌంటు, అంటే ఉత్త అక్షరాల తెర. అందులో మెయిల్ అంటే పైనే. అప్పటికే అమెరికాలోని తెలుగు విద్యార్థులు అలాంటి తెరల మీదే తెలుగులో రాసుకుంటున్నారు, ఇంగ్లీషు అక్షరాలతో. 1990ల మొదట్లో రైస్ విశ్వవిద్యాలయంలో కూర్చిన ఆర్.టి.ఎస్. పద్ధతి అందుకు ఆసరా. అందులో చిన్నబడి టీ అంటే త, పెద్దబడి టీ అంటే ట. ప్రాక్‌మెయిల్ ఇక్కడ తడబడుతుంది, ఎందుకంటే మామూలుగా దానికి చిన్నబడి పెద్దబడి తేడా లేదు. సబ్జెక్టులో ‘పాట’ అని ఉన్న ఉత్తరాలను ఒక ఫోల్డర్లో పోయమని రాస్తే, ‘పాత’ సామాన్ల అమ్మకాల ఉత్తరాలు కూడా అందులోకే వస్తాయి. రెసిపీ మొదటి వరసలో పెద్దబడి ‘డి’ అక్షరం చేరిస్తేనే ఆ తేడా చూస్తుంది.

తెలుగు లిపే మెయిల్లోకి వచ్చాక చిక్కు పెరిగింది. సబ్జెక్టులో తెలుగు ఉంటే, అది దారిలో బేస్-64 అనే సంకేతంలోకి మారి, ఇంగ్లీషు అక్షరాలు, అంకెల ముద్దగా ప్రయాణిస్తుంది. ప్రాక్‌మెయిల్ చూసేది ఆ ముద్దనే. ఆ ముద్దనే షరతుగా రాసుకోవచ్చు కదా అంటే, అదీ కుదరదు. ఈ సంకేతం మూడేసి బైట్లను నాలుగేసి గుర్తులుగా మారుస్తుంది. యు.టి.ఎఫ్.-8లో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు, కాబట్టి ‘పాట’ సరిగ్గా 12 గుర్తులవుతుంది. కాని ఖాళీ జాగా ఒక్క బైటే. ముందు ఒక ఖాళీ ఉంటే ‘పాట’ ఒక రూపంలో, రెండుంటే మరో రూపంలో ఉంటుంది, మూడుంటే మళ్ళీ ఖాళీ లేనప్పటి రూపానికి వస్తుంది.

ప్రాక్‌మెయిల్ అప్పటికే ముసలిదైంది. 2001 సెప్టెంబరులో 3.22 వెర్షన్ వచ్చాక ఇరవై ఏళ్ళు ఆగిపోయింది. ఒకప్పుడు దాని బాగోగులు చూసిన ఫిలిప్ గుంథరే, ఆ కోడు భద్రం కాదు, తీసేయమని 2014లో ఓపెన్ బి.ఎస్.డి. ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ళకి చెప్పాడు. వాన్ డెన్ బెర్గ్ 2022లో మళ్ళీ కొత్త వెర్షన్లు తెచ్చినా, అప్పటికి చాలామంది సీవ్‌కి మారిపోయారు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో టిమ్ షోవాల్టర్ రూపొందించిన ఈ చిన్న భాష 2001 జనవరిలో ఆర్.ఎఫ్.సి. 3028గా వెలువడింది. కావాలనే దాంట్లో లూపులు పెట్టలేదు. ఎవరు ఎంత పిచ్చి నియమం రాసినా అది అంతులేకుండా తిరగదు, సర్వరు ఊపిరి ఆడుతూనే ఉంటుంది. ఏ నియమానికీ కుదరని ఉత్తరం ఇన్‌బాక్స్‌కే చేరుతుంది.

సీవ్ సబ్జెక్టును ముందు విప్పి, ఆ తర్వాతే పోలుస్తుంది. నియమంలో ‘పాట’ అని తెలుగులోనే రాయొచ్చు, ఫోల్డరుకీ తెలుగు పేరే పెట్టొచ్చు. పైన్‌కి వారసుడైన ఆల్పైన్‌లో మాత్రం ఆ ఫోల్డరు తనంతట తాను కనపడదు. ఇన్‌కమింగ్ వరసలోకి వెళ్ళి ‘ఏ’ నొక్కి, సర్వరు పేరు, ఫోల్డరు పేరు, దానికో ముద్దుపేరు మనమే ఇచ్చుకోవాలి.