గుర్రపుశాలలో పగిలిన ఇత్తడి

1857 తిరుగుబాటు అనగానే కొవ్వు పూసిన తూటాలు గుర్తుకొస్తాయి. వాటికి చుట్టినది కాగితం. పదేళ్లు తిరగకముందే, 1866లో, బ్రిటిష్ సైన్యం పలుచని ఇత్తడి రేకు చుట్టిన తూటాలను చేపట్టింది. శతాబ్దం చివరికి అతుకు లేని ఇత్తడి తొడుగులు వచ్చాయి. అయితే ఆ ఇత్తడి మన దేశపు వానాకాలంలో సైన్యానికి కొత్త చిక్కు తెచ్చిపెట్టింది.

ఇంతకీ ఇత్తడే ఎందుకు? తుపాకి పేలగానే తొడుగు ఉబ్బి, లోపలి గోడకు అతుక్కుని, వాయువులను వెనక్కి రానీయకుండా ఆపాలి. మరుక్షణం కాస్త ముడుచుకుని సులువుగా బయటికి రావాలి. మెత్తని రాగికి ఆ బిగువు లేదు. ఇనుముకు తుప్పు భయం. 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిసిన ఇత్తడికి బలమూ, సాగే గుణమూ రెండూ ఉన్నాయి. ఈ ఇత్తడి బిళ్లను గిన్నెలా నొక్కి, విడతలవారీగా సాగదీసి గొట్టంగా మారుస్తారు. చల్లగా ఉండగానే సాగదీయడంవల్ల లోహం గట్టిపడుతుంది. కాని నొక్కిపెట్టిన స్ప్రింగులో ఉన్నట్లు దాని లోపల ప్రతిబలం మిగిలిపోతుంది.

వానాకాలంలో సైన్యం కదలికలు తగ్గేవి. తూటాలను గుర్రపుశాలల్లో దాచేవారు. వానలు వెలిశాక తీసి చూస్తే, ఎవరూ పేల్చని తూటాల తొడుగులు పగిలి ఉండేవి. ముఖ్యంగా గుండును బిగించి పట్టుకునే మెడ దగ్గర! దీన్ని ‘సీజన్ క్రాకింగ్’ అన్నారు. అటువంటి తూటాను నమ్ముకున్న సిపాయి గతి ఏమిటో వేరే చెప్పాలా?

1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే పరిశోధకులు గుట్టు విప్పారు. దోషి గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమోనియా. తేమతో కలిసి అది రాగితో చర్య జరుపుతుంది; లోహంలోని స్ఫటిక రేణువుల సరిహద్దుల వెంట లోపలికి తినుకుంటూ పోతుంది. ప్రతిబలం ఆ సన్నని గాటును లాగి తెరుస్తుంది. అమోనియా ఇంకా లోతుకు చేరుతుంది. ఈ రెంటిలో ఏ ఒక్కటి లేకపోయినా పగులు రాదు.

కనుక విరుగుడు కూడా సులువే. తొడుగులను సుమారు 250–300 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడిచేస్తే, గట్టిదనం పెద్దగా తగ్గకుండానే ప్రతిబలం సడలుతుంది. అది నిజంగా సడలిందో లేదో తెలుసుకోవడానికి మచ్చుకు కొన్నింటిని పాదరస నైట్రేటు ద్రావణంలో ముంచేవారు. ప్రతిబలం మిగిలి ఉంటే పగిలిపోయేవి.

అమెరికా వంటి దేశాల్లో పిస్తోలు తూటాల ఖాళీ తొడుగులను ఇంటి దగ్గరే తిరిగి నింపుకునేవారున్నారు. (మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం.) తొడుగులను ఏరేటప్పుడు వారు మూతి దగ్గర పగులుందేమోనని చూస్తారు, అమోనియా కలిసిన పాలిష్‌ను దగ్గరకు రానివ్వరు. ఆ జాగ్రత్త వెనుక ఉన్నది మన గుర్రపుశాలల అనుభవమే.

ఈ పాఠం తూటాలతో ఆగలేదు. 1967లో అమెరికాలో ఒహాయో నదిపై ‘సిల్వర్ బ్రిడ్జి’ కూలి 46 మంది మరణించారు. ఒక ఉక్కు కడ్డీలో రెండున్నర మిల్లీమీటర్ల పగులే అందుకు మూలం. అక్కడ కూడా లోహక్షయమూ, ప్రతిబలమూ చేతులు కలిపాయి. లోహం ఎంత బరువు మోస్తుందన్నది ఒక్కటే లెక్క కాదు. అది ఏ గాలిలో, ఏ తేమలో నిలబడి మోస్తుందన్నది కూడా లెక్కే.