సేవకు రేటు కట్టిన నలభై ఏళ్ళు

న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌కు ఉత్తరాన కొండల మీద ఉన్న జాన్సన్‌విల్‌కు 1885లో రైలు తెచ్చింది ఒక ప్రైవేటు కంపెనీ. 1908లో సర్కారు దాన్ని కొనేసింది. 1938లో లైనుకు కరెంటు వచ్చింది. 1993లో దేశంలోని రైల్వేనంతా అమ్మేశారు, 2008లో మళ్ళీ కొన్నారు. ఇప్పుడు అక్కడి లోకల్ రైళ్ళను ఒక విదేశీ కంపెనీ కాంట్రాక్టు మీద నడుపుతోంది. ఎవరు నడిపినా రైలు జాన్సన్‌విల్ చేరుతుంది. మనిషి కష్టాన్ని కూడా ఇలాగే టెండరు పిలిచి ఒకరికి అప్పజెప్పవచ్చా? 1984 నుంచి ఆ దేశం చేస్తున్న ప్రయోగం అదే.

అంతకు ముందున్నది స్వర్ణయుగమేమీ కాదు. 1938లో మైఖేల్ జోసెఫ్ సావేజ్ ప్రభుత్వం తెచ్చిన సామాజిక భద్రతా చట్టాన్ని చాలా దేశాలు మెచ్చుకున్న మాట నిజమే. 1949లో విక్టోరియా యూనివర్సిటీలో సోషల్ వర్క్ శిక్షణకు విభాగం ఏర్పడింది, 1972లో సంక్షేమ శాఖ వచ్చింది. కానీ సంరక్షణ హోముల్లో పిల్లలు ఏం అనుభవించారో 2024లో రాయల్ కమిషన్ బయటపెట్టింది. 1950 నుంచి 2019 దాకా ప్రభుత్వ, మత సంస్థల సంరక్షణలో గడిపిన సుమారు 6,55,000 మందిలో 2,00,000 మంది వరకు హింసకు, వేధింపులకు గురయ్యారని దాని అంచనా. 'సర్కారుకు చేతకాదు' అనే వాదన మార్కెట్‌వాదులకు ఊరికే దొరకలేదు.

1984లో గెలిచింది కార్మికుల పేరు పెట్టుకున్న లేబర్ పార్టీ. దాని ఆర్థిక మంత్రి రోజర్ డగ్లస్ సబ్సిడీలు ఎత్తేసి, ప్రభుత్వ వాణిజ్య సంస్థలను కంపెనీలుగా మార్చాడు. ఆ విధానానికి 'రోజర్‌నామిక్స్' అని పేరొచ్చింది. సోషల్ వర్క్‌కు అసలు దెబ్బ మాత్రం పెద్దగా చప్పుడు చేయని రెండు చట్టాల నుంచి తగిలింది. అవి 1988 నాటి ప్రభుత్వ రంగ చట్టం, 1989 నాటి ప్రభుత్వ ఆర్థిక చట్టం. వాటితో శాఖాధిపతి కాంట్రాక్టు మీద పనిచేసే చీఫ్ ఎగ్జిక్యూటివ్ అయ్యాడు, శాఖ చేసే పని మంత్రి కొనుక్కునే 'అవుట్‌పుట్' అయింది. నెలల తరబడి ఇంటికి వెళ్ళి కూర్చుంటే తప్ప నోరు విప్పని పిల్లవాడు ఏ అవుట్‌పుట్ కింద వస్తాడు?

ఇక్కడే ఒక చిక్కుముడి పడింది. అక్కడి మూలవాసులైన మావోరీల పెద్ద జాన్ రంగిహౌ నాయకత్వంలోని కమిటీ 1986లో 'పువావో తే అతా తూ' అనే నివేదిక ఇచ్చింది. సంక్షేమ శాఖ నడకలోనే జాతివివక్ష ఉందని తేల్చి, మా పిల్లల సంగతి తేల్చే హక్కు మా కుటుంబాలకు, తెగలకు ఉండాలంది. ఆ ఒత్తిడితో 1989లో పిల్లల చట్టం వచ్చింది. పిల్లవాడి గురించి అధికారి ఒక్కడే కాక బంధువులంతా కూర్చుని నిర్ణయించే కుటుంబ సమావేశం ఆ చట్టంలోనిదే. తర్వాత చాలా దేశాలు దాన్ని తీసుకున్నాయి. మావోరీలు అడిగింది అధికారం, ఖజానా కోరుకున్నది ఖర్చు తగ్గడం. 'మీ పని మీరే చూసుకోండి' అనే మాట దగ్గర రెండూ కలిసిపోయాయి. బాధ్యత కుటుంబాలకు వెళ్ళింది, ఇనప్పెట్టె తాళంచెవి మాత్రం వెల్లింగ్టన్‌లోనే ఉండిపోయింది. నన్నడిగితే, ఈ నలభై ఏళ్ళలో జరిగిన అతి పెద్ద అన్యాయం బడ్జెట్ కోతలు కాదు, ఇదే.

కోతలూ వచ్చాయి. నేషనల్ పార్టీ ప్రభుత్వం 1991 ఏప్రిల్ 1 నుంచి భృతులు తగ్గించింది. ఇరవైల మొదట్లో ఉన్న నిరుద్యోగులకు దాదాపు నాలుగో వంతు పోయింది. ఆ ఏడాది ఆర్థిక మంత్రి రూత్ రిచర్డ్‌సన్ పెట్టిన బడ్జెట్‌కు 'బడ్జెట్లన్నిటికీ తల్లి' అని పేరు పడింది. ఫుడ్‌బ్యాంకులు పెరిగాయి.

1992లో వచ్చిన కమ్యూనిటీ ఫండింగ్ ఏజెన్సీతో గ్రాంటు ఇచ్చే పద్ధతి పోయి, సేవను కొనే పద్ధతి బలపడింది. నిన్నటిదాకా ఒకరి కేసు ఒకరు పంచుకున్న సంస్థలు ఒకే టెండరుకు పోటీపడ్డాయి. జాన్సన్‌విల్‌లో యువతతో, కుటుంబాలతో పనిచేసే ఛాలెంజ్ 2000 లాంటి సంస్థలున్న లోకం ఇది. కాంట్రాక్టు ఇచ్చే డబ్బు అసలు ఖర్చుకు చాలదు, మిగతాది విరాళాలతో పూడ్చుకోవాలి. ఇలా సేవాసంస్థలకు అందాల్సిన దాంట్లో ఏటా కనీసం 63 కోట్ల డాలర్లు తక్కువ పడుతోందని ఆ రంగమే చేయించిన అధ్యయనం 2019లో లెక్క తేల్చింది.

ఆర్థిక మంత్రిగా, తర్వాత ప్రధానిగా ఉన్న బిల్ ఇంగ్లిష్ హయాంలో 'పెట్టుబడి' అనే కొత్త మాట వచ్చింది. భృతి తీసుకునే మనిషి జీవితకాలంలో ఖజానాకు ఎంత భారమవుతాడో బీమా గణకుల చేత లెక్క కట్టించారు. 2017లో ఇంకో అడుగు వేసి, దగ్గరికొచ్చినవాళ్ళ పేర్లు, వివరాలు ఇచ్చే సంస్థలకే కాంట్రాక్టు అన్నారు. భయంతో తలుపు తట్టినవాళ్ళు మళ్ళీ రారని సోషల్ వర్కర్లు మొత్తుకున్నారు. ప్రైవసీ కమిషనర్ జాన్ ఎడ్వర్డ్స్ కూడా తప్పుపట్టాక ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ ఆలోచన మాత్రం పోలేదు. 2024 జూలైలో సోషల్ ఇన్వెస్ట్‌మెంట్ ఏజెన్సీ పాత పేరుతోనే మళ్ళీ తెరుచుకుంది.

ఈ దారి మనమూ నడిచిందే. సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత నెల్లూరు ఆడవాళ్ళు పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. ఆ నమ్మకం పునాది మీదే మైక్రోఫైనాన్స్ కంపెనీలు వ్యాపారం కట్టుకున్నాయి. 2010 ఆగస్టులో వాటిలో ఒకటైన ఎస్‌కెఎస్ షేరు మార్కెట్‌కెక్కింది. అప్పుల ఒత్తిడితో ఆత్మహత్యలంటూ వార్తలు రాగా, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ కంపెనీలను కట్టడి చేసే ఆర్డినెన్సు తెచ్చింది. 2013 కంపెనీల చట్టం తర్వాత సేవాసంస్థలకు కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సిఎస్ఆర్ సొమ్ము పెద్ద ఆధారమైంది. హైదరాబాద్‌లో, విశాఖలో ఆ సొమ్ముతో పనిచేసేవారికి నా విన్నపం ఒక్కటే. సంతకం పెట్టే ముందు, మీ దగ్గరికొచ్చినవాళ్ళ వివరాలు ఎవరి చేతికి వెళ్తాయో కాంట్రాక్టులో చదవండి. ఆ షరతు నచ్చకపోతే, 2017లో అక్కడివాళ్ళలా అందరూ కలిసి అభ్యంతరం చెప్పండి.