గులాబీ కుండీ, అమ్మోనియా సీసా, మన రామగుండం

మొన్న ఆదివారం మా ఆవిడ అద్దాలు తుడిచే అమ్మోనియా సీసా పట్టుకొని గులాబీ కుండీ దగ్గరికి బయల్దేరింది. "ఇందులో నత్రజని ఉంటుందట, మొక్కకు బలమట" అని. గబుక్కున లేచి ఆపాను. "నువ్వెప్పుడు నాగలి పట్టావని?" అంది. పట్టలేదు గానీ, రామగుండానికి గోదావరి అవతల, మంచిర్యాల వైపు పెరిగినోణ్ణి. ఆ మాత్రం తెలియదా!

నత్రజని ఉన్నమాట నిజమే. కానీ అమ్మోనియా ద్రావణం ఘాటైన క్షారం. ఆకుల్నీ, వేర్లనీ కాల్చేస్తుంది. పైగా తుడిచే సీసాల్లో సబ్బూ, సెంటూ కూడా కలుపుతారు. అదే అమ్మోనియాని బొగ్గుపులుసు వాయువుతో కలిపితే యూరియా. అది నేలలో కరిగి మళ్ళీ అమ్మోనియా అవుతుంది, సూక్ష్మజీవులు దాన్ని నైట్రేటుగా మార్చి మొక్కకి అందిస్తాయి.

గాలిలోని నత్రజని నుంచి అమ్మోనియా తీయడం 1909లో హేబర్ ప్రయోగశాలలో చూపించాడు. 1913లో జర్మనీలోని ఓపావులో బాష్ దాన్ని ఫ్యాక్టరీ చేశాడు. దానికి కావలసిన హైడ్రోజన్ ఎక్కణ్ణుంచి? రామగుండంలో మనవాళ్ళు సింగరేణి బొగ్గు నుంచి తీద్దామన్నారు. ఒడిశాలోని తాల్చేరులోనూ ఇదే పద్ధతి. కాగితం మీద అద్భుతమైన డిజైన్.. పక్కనే బొగ్గు, పక్కనే గోదావరి. 1980 నవంబరులో ఉత్పత్తి మొదలైంది.

మనకి తెలిసిందేగా, డిజైన్ వేరు, ప్రొడక్షన్ వేరు. బొగ్గులో బూడిద ఎక్కువ, కరెంటు నిలకడ లేదు, యంత్రాలు మాటిమాటికీ మొరాయించేవి. నష్టాలు పెరిగి 1999లో ఫ్యాక్టరీ ఆగిపోయింది. దాన్ని నమ్ముకొని వచ్చిన కుటుంబాలకి అది "ప్రాజెక్టు క్లోజ్" కాదు, బతుకు.

అదే చోట కొత్త కర్మాగారం 2021 మార్చిలో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యం. ఈసారి బొగ్గు కాదు, పైపులో వచ్చే సహజవాయువు. కాళ్ళ కింద బొగ్గు పెట్టుకొని దూరం నుంచి గ్యాసు తెచ్చుకుంటున్నామంటే నవ్వొస్తుంది. కానీ పాతవాళ్ళని తెలివితక్కువవాళ్ళని మాత్రం నేను అనను. చేతిలో ఉన్నదానితో చేయబోయారు, అంతే.

2025 వానాకాలంలో కూడా తెలంగాణ రైతులు యూరియా కోసం లైన్లో చెప్పులు పెట్టి ఎదురుచూశారు. ఫ్యాక్టరీ పక్కనుంటే సరిపోదు, బస్తా చేను దాకా రావాలి. నా మట్టుకు ఈ కథ ఇంకా అయిపోలేదు.

గులాబీ సంగతంటారా? గుప్పెడు పశువుల ఎరువు వేశాం. సీసా మళ్ళీ కిటికీ దగ్గరికే వెళ్ళింది.