ఇగ్నిషన్ కాయిల్ మార్పిడి

పెట్రోలు కారు బ్యాటరీలోని 12 వోల్టులను స్పార్క్ ప్లగ్‌కు కావలసిన వేల వోల్టులకు పెంచే ట్రాన్స్‌ఫార్మరే ఇగ్నిషన్ కాయిల్. ఇనుప కోరు చుట్టూ లావు తీగతో కొన్ని వందల చుట్ల ప్రైమరీ, సన్నతీగతో వేల చుట్ల సెకండరీ ఉంటాయి.

అంబాసిడర్ వంటి పాత కార్లలో కంపెనీ కాయిల్ తీసి, బయటి తయారీదారుల హై-ఔట్‌పుట్ కాయిల్ బిగిస్తుంటారు. ముందుగా చూడవలసింది ప్రైమరీ రెసిస్టెన్స్. కాయిల్ కరెంటును తగ్గించే బ్యాలస్ట్ రెసిస్టర్ లేకుండా, ఆ కరెంటును తెంపే కాంటాక్ట్ పాయింట్లతో నడిచే ఇగ్నిషన్‌కు సుమారు 3 ఓములది సరిపోతుంది. 1.5 ఓములది పెడితే కరెంటు దాదాపు రెట్టింపై పాయింట్లు మాడిపోతాయి, కాయిల్ వేడెక్కుతుంది.

ప్లగ్ గ్యాప్ దాటేందుకు చాలినంత వోల్టేజి రాగానే స్పార్క్ పడుతుంది. అందుకే మంచి స్థితిలో ఉన్న మామూలు ఇంజినుకు కాయిల్ మార్చినంత మాత్రాన శక్తి పెరగదు. కంప్రెషన్ పెంచిన, టర్బో బిగించిన ఇంజిన్లలో మాత్రం మిస్‌ఫైర్ తగ్గవచ్చు.