చారులో వేసుకున్న పువ్వు

1597లో లండన్‌లో జాన్ జెరార్డ్ రాసిన ‘హెర్బల్’ అచ్చయింది. మొక్కల గురించిన లావుపాటి పుస్తకం అది. అందులో కాలెండులా పువ్వు దగ్గరికి వచ్చేసరికి ఆయన దుకాణాల సంగతి కూడా ఎత్తుకున్నాడు. డచ్, జర్మన్ ప్రాంతాల్లో జనం ఈ పూరేకులను ఎండబెట్టి చలికాలానికి దాచుకుంటారట. అక్కడి కిరాణా కొట్లలో, సుగంధద్రవ్యాల అంగళ్లలో పీపాల నిండా పోసి ఉంచి, పెన్నీకి ఇంతని చిల్లరగా అమ్ముతారట. ఎండిన రేకులు పడనిదే అక్కడ ఏ చారూ కుదిరినట్టు కాదని కూడా రాశాడు.

ఇంగ్లిష్‌వాళ్లు పాట్ మారిగోల్డ్ అని పిలిచేది ఈ పువ్వునే. మారిగోల్డ్ అనగానే మనకు బంతి గుర్తొస్తుంది గానీ ఇది బంతి కాదు. బంతి మెక్సికో నుంచి సముద్రాలు దాటి వచ్చింది. కాలెండులా మధ్యధరా ప్రాంతానికి చెందిందని వృక్షశాస్త్రజ్ఞుల అంచనా. రెండూ పొద్దుతిరుగుడు కుటుంబానివే అయినా దూరపు చుట్టాలు మాత్రమే. జెరార్డ్ కూడా వీటిని కలపలేదు. కాలెండులాను వంటింటి మొక్కగా మెచ్చుకున్నాడు. అప్పటికి కొత్తగా వచ్చిన బంతిని విడిగా మరో అధ్యాయంలో పెట్టి, అది విషమని హెచ్చరించాడు. ఆ భయం తర్వాతి కాలంలో నిలవలేదు. ఆయన విషమన్న పువ్వు మన గుమ్మాలకు తోరణమైంది, దేవుడికి దండైంది. ఆయన మెచ్చుకున్న పువ్వు మాత్రం తెలుగువాళ్ల వంటింటి గడప తొక్కనే లేదు. మనకు ఆ అవసరమూ రాలేదు, కూరకు రంగు పట్టించే పని పసుపు చూసుకుంటోంది కదా!

ఇంగ్లండ్‌లో ఆ పని చేయడానికి కుంకుమపువ్వు ఉండేది. కాకపోతే దాని ధర సామాన్యులకు అందేది కాదు. పెరట్లో విత్తనం చల్లితే చాలు, కాలెండులా దొరికేది. చారులోనూ, వేడి పాలలో మద్యం కలిపి విరగ్గొట్టి తాగే పాసెట్‌లోనూ ఈ పువ్వును పచ్చిదైనా ఎండుదైనా తరచుగా వాడతారని 1629లో వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ పార్కిన్సన్ రాశాడు. వెన్నకూ చీజ్‌కూ పసుపు రంగు తేవడానికి కూడా ఈ రేకులే వాడేవారు. రుచి సంగతి అడిగితే చెప్పుకోవడానికి పెద్దగా లేదు. కాస్త చేదు, కాస్త వగరు. జనం దీన్ని వాడింది ముఖ్యంగా రంగు కోసమే అనుకోవాలి.

ఆ రంగు తలకూ ఎక్కింది. కొందరు ఈ పువ్వుతో జుట్టును పచ్చగా చేసుకుంటున్నారని, దేవుడిచ్చిన రంగుతో తృప్తి పడటం లేదని 1551లోనే విలియం టర్నర్ విసుక్కున్నాడు. టర్నర్ వైద్యుడే కాదు, చర్చి బోధకుడు కూడా. అందుకే మొక్కల పుస్తకంలో ఆ చీవాట్లు. జుట్టుకు రంగేసుకునేవాళ్లను చూసి పెద్దలు గొణగడం ఈనాటిది కాదన్నమాట.

వైద్యుల లెక్క వేరు. కాలెండులా తెల్లవారాక విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటుంది. అందుకని దాన్ని సూర్యుడి పువ్వన్నారు, సూర్యుడి పువ్వు కాబట్టి గుండెకు బలమన్నారు. పదిహేడో శతాబ్దం నడిమిలో నికొలస్ కల్పెపర్ దాన్ని సింహరాశి కిందికి చేర్చాడు. మశూచికీ తట్టుకీ కుంకుమపువ్వుకన్నా ఇది పెద్దగా తీసిపోదన్నాడు. రేకుల పొడిని పంది కొవ్వు, టర్పెంటైన్, గుగ్గిలంతో కలిపి రొమ్ముకు పట్టు వేస్తే గుండెకు సత్తువ వస్తుందని కూడా చెప్పాడు. ఈ జ్యోతిషం పక్కన పెట్టేయదగ్గదే. ఒక్క సంగతి మాత్రం గమనించాలి. కల్పెపర్ ఉద్దేశం, బీదవాడు డాక్టరుకీ మందులవాడికీ డబ్బు పోయకుండా తన పెరట్లో మొక్కతోనే నయం చేసుకోవాలని. అలాంటివాడికి కాలెండులా కన్నా అనువైన మొక్క దొరకదు, ఎందుకంటే దాని విత్తనం కోసం ఎవరి గడపా ఎక్కనక్కర్లేదు.

ఎండిన కాలెండులా పువ్వు ఒకటి తెంపి అరచేతిలో నలిపితే మూడు రకాల విత్తనాలు రాలతాయి. అంచున ఉండేవి పొడుగ్గా, కొక్కెంలా వంగి, వీపున ముళ్లతో ఉంటాయి. వాటి తర్వాతివి వెడల్పుగా, అంచులు లోపలికి మడుచుకుని, ఊదితే ఎగిరేంత తేలిక. అన్నిటికన్నా లోపల ఉన్నవి చిన్నవి, ఉంగరంలా చుట్టుకుపోయి ఉంటాయి. ముళ్లవి జంతువుల బొచ్చుకు తగులుకుని దూరం పోతాయి, తేలికవి గాలికి కొట్టుకుపోతాయి, ఉంగరాలు తల్లి మొదట్లోనే రాలి పడతాయి. అందుకే ఒకసారి వేసిన పెరట్లో మరుసటి ఏడు ఎవరూ విత్తకుండానే కాలెండులా మొలుస్తుంది. చేత్తో వేసేవాళ్లు సెంటీమీటరు లోతున వేసి మట్టి కప్పాలి. చీకట్లోనైతే ఇది బాగా మొలకెత్తుతుంది. రెండు వారాల్లోపే మొలక కనిపిస్తుంది, రెండు మూడు నెలల్లో పూత మొదలవుతుంది.

ముద్దపువ్వు సంగతి మరీ తమాషా. చాలా మొక్కల్లో రేకుల వరసలు పెరిగితే విత్తనం తగ్గిపోతుంది. కాలెండులాలో నడుమ ఉండే చిన్న పువ్వులు గింజ కట్టవు, అంచున రేకుల్లా కనిపించే పువ్వులే గింజ కడతాయి. కాబట్టి రేకులు ఎక్కువైతే గింజలూ ఎక్కువే! జెరార్డ్ కాలానికే తోటల్లో పెద్ద ముద్ద రకాలు ఉండటానికి ఇదీ ఒక కారణమై ఉంటుంది. అయితే వాటంతట అవి మొలిచే మొక్కలను వాటి మానాన వదిలేస్తే, ఏళ్లు గడిచేకొద్దీ రెక్కపువ్వులే మిగులుతాయి. ముద్దపువ్వు కావాలంటే రెక్క మొక్కలను ఎప్పటికప్పుడు పీకేయాలి. జెరార్డ్ మరో వింత రకాన్నీ చెప్పాడు. దానిలో ఒక పెద్ద పువ్వు అంచు నుంచి సన్నని కాడలతో పిల్ల పువ్వులు పుడతాయి. సామాన్య స్త్రీలు దాన్ని గుర్రమెక్కిన కోతి అంటారట.

వంటింట్లో ఈ పువ్వు వైభవం ఎప్పుడు పోయిందో తేదీ చెప్పలేం గానీ, విసుగు ఎంతవరకు వచ్చిందో ఇంగ్లిష్ రచయిత చార్లెస్ లాంబ్ చెబుతాడు. ఆయన 1782 నుంచి 1789 వరకు లండన్‌లోని క్రైస్ట్స్ హాస్పిటల్ బడిలో ఉండి చదువుకున్నాడు. గురువారం ఉడికించిన గొడ్డుమాంసం పెట్టేవారు, చారు బకెట్లో ఈ పూలు తేలుతుండేవి. 1820లో ఎలియా అనే కలం పేరుతో రాసిన వ్యాసంలో కూడా ఆ పూల మీద ఆయనకు కసి తీరలేదు. ముప్ఫై ఏళ్లు దాటినా మరిచిపోలేదంటే హాస్టల్ భోజనం చేసినవాళ్లెవరికైనా అర్థమవుతుంది. ఆలోపు చీజ్‌కు రంగు వేసే పనిని అమెరికా ఖండం నుంచి వచ్చిన అనాటో గింజ లాక్కుంది. పంతొమ్మిదో శతాబ్దంలో కాలెండులా కూరగాయల మడి వదిలి పూలమడికి మారింది.

మన దేశంలో ఇది చలికాలపు పువ్వు. వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నారు పోస్తారు. చలి ఉన్నన్నాళ్లూ పూసి, ఎండలు ముదిరేసరికి మాడిపోతుంది. హైదరాబాద్ నర్సరీల్లో కుండీల్లో దొరుకుతుంది. కొనేవాళ్లలో చాలామంది దాన్ని ఏదో విదేశీ చామంతి అనుకుంటారు. అదే పేరు హోమియో మందుల షాపులో వినిపిస్తే మాత్రం వెంటనే గుర్తుపడతారు, దెబ్బలకు రాసుకునే కాలెండులా ఆయింట్‌మెంట్ తెలుగిళ్లలో చాలామందికి పరిచయమే.

పైపూతగా ఈ పువ్వుకు కొంత గట్టి ఆధారం దొరికింది ఫ్రాన్స్‌లో. అక్కడి లియోన్ నగర వైద్యులు రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకుంటున్న 254 మంది మహిళలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కాలెండులా ఆయింట్‌మెంట్, మరో జట్టుకు ట్రోలమైన్ అనే మామూలు మందు ఇచ్చారు. ఫలితాలు 2004లో వెలువడ్డాయి. చర్మం బాగా కమిలిపోయినవాళ్లు ట్రోలమైన్ జట్టులో 63 శాతం, కాలెండులా జట్టులో 41 శాతం. నొప్పి కూడా కాలెండులా వాడినవాళ్లకే తక్కువగా ఉంది. అయితే ఈ ఆయింట్‌మెంట్ జిడ్డుగా ఉండి ఒంటికి పూసుకోవడం కష్టమైందని వాళ్లలో దాదాపు 30 శాతం మంది ఫిర్యాదు చేశారు.